గడువు దగ్గర పడింది, అమ్మాయి సిద్ధంగా లేదు: మజిలీ ఇళ్ళలో పనిచేసేవారు ఏం చేస్తున్నారు?

ఆరుగదులు

అందరికీ నమస్కారం. బాలల సంరక్షణాలయాల్లో పెరిగి పద్దెనిమిదేళ్ళు నిండగానే బయటకు వచ్చిన అమ్మాయిలు, ఇంట్లో హింస భరించలేక వచ్చేసినవారు సొంతంగా నిలదొక్కుకునేదాకా ఉండే ఒక ఇంటిని నాలుగేళ్ళుగా చూసుకుంటున్నాను. మేం దాన్ని మజిలీ ఇల్లు అని పిలుచుకుంటాం. ఆరు గదులు, ఒకే వంటిల్లు. ఒక్కొక్కరికి పద్దెనిమిది నెలల గడువు.

ఒక అమ్మాయి గడువు ఏడు వారాల్లో ముగుస్తుంది. వయసు ఇరవై. కుట్టుపనిలో ఉద్యోగం ఉంది. బ్యాంకులో కొంత పొదుపు ఉంది. గుర్తింపు కార్డులన్నీ చేతికి వచ్చాయి. బయటకు వెళ్ళేవారికి ఏమేం వచ్చి ఉండాలో రాసిన పట్టిక ఒకటి మా దగ్గర ఉంటుంది. అందులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. కాగితం మీద చూస్తే ఇంత సిద్ధంగా ఉన్న అమ్మాయిని నేను ఇదివరకు పంపలేదు.

తేదీ గురించి మాట్లాడిన మర్నాటి నుంచి మనిషి మారిపోయింది. రెండు రోజులు పనికి వెళ్ళలేదు. గదులు చూసి వద్దాం రమ్మంటే తలనొప్పి అంది. మొన్న రాత్రి గిన్నె కడగలేదన్న మాట మీద తోటి అమ్మాయితో పెద్ద గొడవ పెట్టుకుంది. నేను మధ్యలోకి వెళ్తే, "ఎలాగూ పంపించేస్తున్నారు కదా, ఇవాళే పంపించేయండి" అని తలుపు వేసుకుంది.

గడువు పెంచమని ఇంటిని నడిపే కమిటీని అడగాలా? అడిగితే ఆమెకు మేలు చేసినట్టా, భయాన్ని పెంచి పోషించినట్టా? ఈ పనిలో అనుభవం ఉన్నవారు చెప్పండి. ఆ ఇళ్ళలో ఉండి వచ్చినవారు చెబితే ఇంకా మంచిది.

చివరిబెంచీ

ఆరుగదులు గారూ, నేను అలాంటి ఇంట్లో ఉండి వచ్చినదాన్నే. మీరు రాసింది చదువుతుంటే నన్ను నేను చూసుకున్నట్టుంది.

మా ఇంట్లో చివరి నెలలో నేను మూడుసార్లు సంచి సర్దుకున్నాను. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు. వాళ్ళు పొమ్మనే లోపు నేనే వెళ్ళిపోవాలని. ఏడేళ్ళ వయసులో ఒకచోట దిగబెట్టారు, పన్నెండేళ్ళకు ఇంకోచోటికి మార్చారు, పద్దెనిమిదికి సెలవన్నారు. ప్రతిసారీ ఎవరో ఒక తేదీ చెప్పేవారు, ఆ తేదీకి నేను లేచి వెళ్ళేదాన్ని. మీరు ఎంత మెత్తగా చెప్పినా ఆమె చెవికి అది ఆ పాత మాటలాగే వినిపిస్తుంది. గొడవ పెట్టుకుని వెళ్ళిపోతే వదిలేసింది తానే అవుతుంది. ఆ గొడవ గిన్నె కోసం కాదు.

ఇంకో సంగతి చెప్తాను. మజిలీ ఇంటికి వచ్చిన మొదటి రోజు మేడమ్ నా చేతిలో గది తాళంచెవి పెట్టారు. అంతకుముందు నా పేరు మీద తాళంచెవి అన్నదే లేదు. మేం పెరిగిన చోట తలుపులు బయటి నుంచి వేసేవారు, బయటి నుంచే తీసేవారు. ఆ తాళంచెవి చేతిలో పట్టుకుని కూడా తలుపు ముందు కొంతసేపు నిలబడ్డాను, ఎవరైనా వచ్చి తీస్తారని. వెనక నుంచి మేడమ్ ఏమీ అనకుండా ఆగారు. తీసింది నేనే.

రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై మంది పడుకునే హాలులో పెరిగినవాళ్ళకు నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియదు. దగ్గు, గురక, ఎవరో కలవరించడం, ఇవేవీ లేకపోతే గుండె దడదడలాడింది. నెల రోజులు ఫోనులో రేడియో పెట్టుకుని పడుకున్నాను. మీ పట్టికలో దానికి గడి ఉందా అండీ?

పద్దుపుస్తకం

నేను ఇలాంటి మూడు ఇళ్ళకు లెక్కలు చూస్తాను, ఒకదాని కమిటీలోనూ ఉన్నాను. నా మాట కఠినంగా అనిపిస్తే మన్నించండి.

చివరిబెంచీ గారు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. అయినా చెప్పాలి. ఆ గది కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి కూడా ఒకరుంటారు. ఆమె ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుందో మనకు తెలియదు. ఇప్పుడున్న అమ్మాయికి ఉద్యోగం ఉంది, పొదుపు ఉంది. రానున్న అమ్మాయికి ఏదీ లేదు. ఒక్కొక్కరికి మూడేసి నెలలు పొడిగిస్తూ పోతే ఆరు గదుల ఇంట్లో కొత్తవారికి చోటే ఉండదు. మేం ఒకసారి అలా చేశాం. ఏడాది పాటు ఒక్కరిని కూడా కొత్తగా తీసుకోలేకపోయాం. ఆ ఏడాదిలో మేం కాదన్న అమ్మాయిల పేర్లు నా పుస్తకంలో ఉన్నాయి. వాళ్ళలో చాలామంది ఏమయ్యారో తెలియదు.

అందుకే గడువు అన్నది దయలేని మాట కాదని నా అభిప్రాయం. కనిపించని అమ్మాయి తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి.

నిదానం

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. నేను సామాజిక కార్యకర్తగా పనిచేస్తూ ఈ విషయం మీద చదువుతుంటాను కనుక, ఇతర చోట్ల ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్తాను.

ఒంటరిగా ఊరు వచ్చిన అమ్మాయికి క్షేమమైన గది ఇవ్వాలన్న ఆలోచన చాలా పాతది. యువతుల క్రైస్తవ సంఘం వై.డబ్ల్యు.సి.ఎ. మూలాలు 1855లో లండన్‌లో నర్సుల కోసం తెరిచిన ఒక వసతి గృహంలో ఉన్నాయి. అది క్రిమియా యుద్ధకాలం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఫ్రాన్స్‌లో, పని వెతుక్కుంటూ పట్టణాలకు వచ్చిన యువతీయువకుల కోసం ఫ్వాయే అనే ఇళ్ళు పెద్ద ఎత్తున వెలిశాయి. 1990ల మొదట్లో బ్రిటన్ ఆ పద్ధతిని తెచ్చుకుంది. గది ఇస్తాం, బదులుగా నువ్వు చదువో పనో శిక్షణో కొనసాగించాలి అన్నది అక్కడి ఒప్పందం.

సంరక్షణలో పెరిగినవారి విషయానికి వస్తే, చట్టాలు మెల్లగా ఒకే దిక్కుకు నడిచాయి. ఇంగ్లండ్‌లో 2000లో వచ్చిన చట్టం, సంరక్షణ వదిలినవారిలో అర్హులైనవారికి ఒక వ్యక్తిగత సలహాదారు ఉండాలని చెప్పింది. 2017 చట్టంతో ఆ సలహాదారు సాయం అడిగినవారందరికీ 25 ఏళ్ళ దాకా అందేలా చేశారు. అమెరికాలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం రాష్ట్రాలు కోరుకుంటే 21 ఏళ్ళ దాకా సంరక్షణ కొనసాగించవచ్చు, ఖర్చులో కేంద్రం వాటా పెట్టుకుంటుంది. భారతదేశంలో 2015 బాలల న్యాయ చట్టం 18 నిండి 21 నిండనివారికి అనంతర సంరక్షణ గురించి చెబుతుంది, కానీ ఆర్థిక సాయం "ఇవ్వవచ్చు" అంటుందే తప్ప "ఇవ్వాలి" అనదు. ఈ ఒక్క క్రియాపదం మీద ఎన్ని జీవితాలు ఆధారపడి ఉన్నాయో. 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన, కన్నవారి దగ్గర లేని పిల్లల ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు కూడా, వీలైన చోటల్లా బయటకు వెళ్ళే ప్రతి బిడ్డకూ తోడుగా ఒక ప్రత్యేక వ్యక్తిని నియమించాలంటాయి.

గడువు పెంచడం వల్ల ఉపయోగం ఉందా అన్నదానికి ఒక మంచి ఆధారం ఉంది. అమెరికాలో ఇల్లినాయ్, విస్కాన్సిన్, అయోవా రాష్ట్రాల్లో సంరక్షణ నుంచి బయటకు వస్తున్న 700 మందికి పైగా యువతను 2002 నుంచి, వారికి 26 ఏళ్ళు వచ్చేదాకా వెంబడించి పరిశీలించారు. ఇల్లినాయ్‌లో 21 దాకా ఉండనిచ్చేవారు. తక్కిన రెండు చోట్లా సాధారణంగా 18కే పంపేసేవారు. ఎక్కువ కాలం ఉండే అవకాశం దొరికినవారు కళాశాలలో చేరడం ఎక్కువగా కనిపించింది. అమ్మాయిల్లో తొలి గర్భం ఆలస్యమైంది.

అయితే పద్దుపుస్తకం గారి ప్రశ్న అలాగే ఉంటుంది. అక్కడ ఖర్చు ప్రభుత్వానిది. ఇక్కడ ఆరు గదులు.

తొలిజీతం

నాకు పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు అలాంటి ఇంట్లోనే ఉన్నాను. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడుతున్నాను, తప్పుంటే చెప్పండి.

మా ఇంట్లో రాత్రి ఎనిమిదికి గేటు వేస్తారు. నాకు సాయంత్రం షిఫ్టులో మంచి పని వచ్చింది, జీతం ఎక్కువ. గేటు కారణంగా వదులుకున్నాను. స్నేహితురాలి ఇంట్లో పెళ్ళికి అనుమతి కోసం మూడు సంతకాలు పెట్టించుకోవాలి. ఫోను పదింటికి ఇచ్చేయాలి. మమ్మల్ని కాపాడాలనే చేస్తున్నారు, నాకు తెలుసు. వాళ్ళ మీద కోపం లేదు. కానీ ఇంకో ఆరు నెలల్లో నేను ఒక్కదాన్నే గదిలో ఉంటాను. అప్పుడు ఎన్నింటికి రావాలో ఎవరూ చెప్పరు. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని వద్దనాలో ఎవరూ చెప్పరు. ఇప్పుడు తప్పు చేస్తే మేడమ్ తిడతారు. అప్పుడు చేస్తే ఏమవుతుందో తలచుకుంటేనే భయం. ఆ తప్పులేవో మేడమ్ ఉండగానే చేసి నేర్చుకోకూడదా?

రెండోఅంతస్తు

తొలిజీతం తల్లీ, తప్పేమీ లేదు. నువ్వు అడిగినది ఇక్కడ అందరికంటే పెద్ద ప్రశ్న.

ఆరుగదులు

తొలిజీతం, మీ మాట చదివి మా ఇంటి నిబంధనల కాగితం తీసి చూశాను. మొదటి రోజుకూ చివరి రోజుకూ ఒకే నిబంధనలు. పద్దెనిమిది నెలలు గేటు మేం వేసి, ఆ తరువాత లోకాన్నంతా ఒక్కసారిగా ఆమె ముందు తెరుస్తున్నాం. నాలుగేళ్ళుగా ఇది నాకు తట్టలేదు. చెప్పడానికి బాధగా ఉంది.

చివరిబెంచీ గారూ, రేడియోకు గడి లేదండీ. వంటకు ఉంది. అందులోనూ లోపం ఉందని ఇప్పుడు తెలుస్తోంది. మేం ఆరుగురికి వండటం నేర్పాం. సంరక్షణాలయంలో ఆమె చూసింది గుండిగలు. మొన్న తనకొక్కదానికే వండుకోమంటే ఎంత తీసుకోవాలో తెలియక గ్లాసు పట్టుకుని నన్ను చూసింది.

రెండోఅంతస్తు

నేను ఇల్లు అద్దెకు ఇచ్చేదాన్ని. ఐదేళ్ళ కిందట ఇలాంటి ఇంటి నుంచి వచ్చిన ఒక అమ్మాయికి గది ఇచ్చాను. నిజం చెప్పాలంటే మొదట ఇవ్వనన్నాను. అద్దె గురించి కాదు. ఇల్లిచ్చేవాళ్ళం అందరం అడిగే ప్రశ్నలే అడిగాను: మీ వాళ్ళెవరు, ఎక్కడుంటారు, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి? ఆ అమ్మాయి నేల చూసింది. కాగితంలో శాశ్వత చిరునామా అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. అలా చాలాసేపు ఆగింది.

నా మనసు మార్చింది ఆమె వెంట వచ్చిన వార్డెన్ చెప్పిన ఒక్క మాట. "నా నంబరు రాసుకోండి. అద్దె ఆలస్యమైనా, ఒంట్లో బాగోకపోయినా, మీకు ఏ అనుమానం వచ్చినా నాకు చేయండి. రెండేళ్ళ దాకా ఆమె మా మనిషే." అంతే. నాకు కావలసింది హామీ. డబ్బు హామీ కాదు, మనిషి హామీ.

రెండేళ్ళలో ఆ నంబరుకు రెండుసార్లు చేశాను. ఒకసారి జ్వరం వచ్చినప్పుడు. ఇంకోసారి ఎవరో కుర్రవాడు గేటు దగ్గర రోజూ తచ్చాడుతుంటే. రెండుసార్లూ గంటలోపే మనిషి వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పటికీ నా ఇంట్లోనే ఉంది. మీ ఇళ్ళవాళ్ళు అమ్మాయికి పాఠాలు చెప్పడంతో పాటు నాలాంటి యజమానులతో కూడా కూర్చుని మాట్లాడండి. వీధికొకరం దొరుకుతాం.

నల్లబల్ల

బడి పంతులుని. ఒక చిన్న మాట. బయటకు వెళ్ళే రోజుకు జనన ధ్రువపత్రం, మార్కుల జాబితాలు, టీకాల కార్డు, ఆసుపత్రి కాగితాలు, అన్నింటి అసలు ప్రతులు అమ్మాయి చేతిలోనే ఉండాలి. ఆఫీసు బీరువాలో కాదు. సంరక్షణాలయం మూతపడితే ఆ కాగితాలు ఎక్కడికి పోయాయో చెప్పేవారే ఉండరు. నా విద్యార్థిని ఒకరు పుట్టిన తేదీ రుజువు లేక ఒక ఉద్యోగం పోగొట్టుకుంది.

పద్దుపుస్తకం

రెండోఅంతస్తు గారూ, మీ పోస్టు చదివాక నా లెక్క నేనే మళ్ళీ వేసుకున్నాను. మేం ఖర్చంతా గదుల కింద రాస్తాం. అమ్మాయి వెళ్ళాక ఆమె మీద పెట్టే ఖర్చుకు మా పుస్తకంలో పద్దే లేదు. ఒక మనిషి నెలకు రెండుసార్లు వెళ్ళి చూసి రావడానికి, ఒక ఫోను నంబరు పనిచేస్తూ ఉండటానికి అయ్యే ఖర్చు, ఒక గదిని ఇంకో మూడు నెలలు అట్టేపెట్టుకోవడానికి అయ్యే ఖర్చులో చిన్న భాగం. గడువు ఉండాలన్న మాట మీద నేను ఇంకా నిలబడే ఉన్నాను. కానీ గడువు గదికి పెట్టాలి, మనిషికి కాదు.

నిదానం గారూ, ఇలా వెళ్ళాక చూసుకునే పద్ధతికి ఆధారాలేమైనా ఉన్నాయా? కమిటీ ముందు పెట్టాలి.

నిదానం

ఉన్నాయి, కానీ ఉన్నంతే చెప్తాను. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 1300 మందికి పైగా యువతను చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి చూశారు. ఒక గుంపులోని వారిని ఒక కార్యకర్త సుమారు తొమ్మిది నెలల పాటు వారానికొకసారి వాళ్ళున్న చోటికే వెళ్ళి కలిసేవారు. 2015లో ఫలితాలు వచ్చాయి. సంపాదన కొంత పెరిగింది, ఇల్లు లేక అల్లాడటం కొంత తగ్గింది, మానసిక ఆరోగ్యం కొంత మెరుగైంది. చదువులో తేడా రాలేదు. తోడునిలిచే మనుషులు పెరిగారా అంటే, అదీ లేదు. కనుక ఇది మంత్రదండం కాదు, కమిటీకి అలా చెప్పకండి.

పొడిగింపు గురించి కూడా ఒక మాట. అమెరికాలో ఇల్లు విడిచిన యువత కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ వసతి పథకంలో గడువు 540 రోజులు. అసాధారణ పరిస్థితుల్లో 635 రోజుల దాకా ఉండవచ్చని నిబంధనలోనే రాశారు. అంటే దాదాపు మూడు నెలల వెసులుబాటు ముందే ఉంది. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. మీ నిబంధనల్లో అలాంటి వాక్యం ఒకటి ఉంటే అమ్మాయి దాన్ని దయగా తీసుకోనవసరం ఉండదు.

నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి వేరే ఉంది. కొన్నిచోట్ల సంస్థ ముందు తన పేరు మీద ఒక గది అద్దెకు తీసుకుని అమ్మాయిని అందులో ఉంచుతుంది. మొదట్లో అద్దెలో ఎక్కువ భాగం సంస్థ కడుతుంది, నెలనెలా ఆమె వాటా పెరుగుతుంది. చివరికి అద్దె ఒప్పందం ఆమె పేరుకు మారుతుంది. గది అదే, పక్కింటివాళ్ళు వాళ్ళే, పనికి వెళ్ళే బస్సు అదే. వెళ్ళిపోయేది సంస్థ. ఆమె కదలదు. చివరిబెంచీ గారు చెప్పిన ఆ పాత దెబ్బ, ఒక తేదీకి లేచి వెళ్ళిపోవడం, అందులో ఉండదు.

చివరిబెంచీ

ఆ చివరి పద్ధతి నాకు దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

ఆరుగదులు గారూ, ఒక్క విన్నపం. ఇవన్నీ మీరూ కమిటీ మాట్లాడుకుని ఆమెకు చెప్పకండి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. నా జీవితంలో నా గురించి జరిగిన సమావేశాలు చాలా ఉన్నాయి. నేను ఉన్నవి రెండో మూడో. అడిగితే మొదట "మీ ఇష్టం" అంటుంది. అక్కడ ఆగకండి. మాకు ఇష్టం అడిగితే జవాబు చెప్పడం అలవాటు లేదు. మళ్ళీ అడగండి, చేతిలో ఏదో ఒక పని పెట్టి అడగండి. ఎదురెదురుగా కూర్చుంటే మాట రాదు.

ఇంకొకటి. వెళ్ళిన మొదటి నెలలో నాకు అన్నిటికంటే కష్టమైనవి ఆదివారాలు. పని ఉండదు, వెళ్ళడానికి ఇల్లు ఉండదు. మా పాత ఇంట్లో బయటివారికి ప్రవేశం లేదు. నేను బయటిదాన్ని అయిపోయాను. గేటు దాకా వచ్చి తిరిగి వెళ్ళిన ఆదివారాలు ఉన్నాయి. మీ ఇంట్లో ఆ నియమం ఉంటే తీసేయండి.

ఆరుగదులు

ఐదు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి.

చివరిబెంచీ గారు చెప్పినట్టే ఆమెతో కలిసి వంటింట్లో అలమర సర్దుతూ అడిగాను. మొదట "మీ ఇష్టం" అంది. రెండోసారీ అదే. మూడోసారి, నా వైపు చూడకుండానే, "రాత్రి భయమేస్తే ఎవరికి ఫోను చేయాలి?" అంది. ఇన్నాళ్ళూ నేను బడ్జెట్ నేర్పిస్తున్నాను.

కమిటీ మూడు నిర్ణయాలు తీసుకుంది. పద్దుపుస్తకం గారు తమ కమిటీకి రాసిన నోటు మాకూ పంపారు, చాలా ఉపయోగపడింది. ఒకటి, తొంభై రోజుల వెసులుబాటు నిబంధనల్లో చేరింది. రెండు, చివరి ఆరు నెలల్లో గేటు వేళలు అమ్మాయే నిర్ణయించుకుంటుంది, ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పి వెళ్తే చాలు. దీని మీద పెద్ద వాదన జరిగింది, ఇద్దరు సభ్యులకు ఇంకా ఇష్టం లేదు, వాళ్ళ భయం కూడా అర్థం చేసుకోదగ్గదే. మూడు, వెళ్ళినవారికి రెండేళ్ళ పాటు మా నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఆదివారం భోజనానికి తలుపు తెరిచే ఉంటుంది.

ఆమె ఆ తొంభై రోజులు అడగలేదు. ఉన్నాయని తెలిశాక పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. నాలుగు గదులు చూశాం. మొదటి మూడింటివాళ్ళు ఒంటరి అమ్మాయికి ఇవ్వం అన్నారు. నాలుగో ఇంట్లో రెండోఅంతస్తు గారికి ఆ వార్డెన్ చెప్పిన మాటే నేనూ చెప్పాను. ఒప్పందం ఆరు నెలలు సంస్థ పేరున, ఆపైన ఆమె పేరున. వచ్చే వారం ఆ గదికి మారుతోంది. మంచం, చిన్న గిన్నెలు కొన్నాం. ఒక్కరికి సరిపడే గిన్నె తనే ఎంచుకుంది, మూడు దుకాణాలు తిరిగి.

తొలిజీతం

మేడమ్, మీ పోస్టు మా మేడమ్‌కు చూపించాను. గేటు గురించి ఆలోచిస్తానన్నారు.

ఒకటి అడగవచ్చా? ఆ అద్దె కాగితంలో శాశ్వత చిరునామా గడిలో అక్క ఏం రాసింది?

ఆరుగదులు

మా ఇంటి చిరునామా రాసింది. రాసే ముందు నన్ను అడిగింది, రాయమన్నాను. ఆమె పేరున ఉత్తరాలు వస్తే వేయడానికి తలుపు పక్కన ఒక పెట్టె పెట్టాం. నిన్న బ్యాంకు నుంచి ఒకటి వచ్చింది.